సైనికుని మూట నెఱిగిన జెనోఫన్

యుద్ధచరిత్రలు వ్రాసినవారు పెక్కురు కలరు. ఏ సేనాపతి ఏ పార్శ్వమున నిలిచెనో, ఎవరు గెలిచిరో, ఎందఱు మడిసిరో వారు చెప్పుదురు. ఆ మడిసినవాడు ఆనాటి ఉదయమున ఏమి తినెనో, వాని కాలికి చెప్పులుండెనో లేదో చెప్పినవారు మాత్రము అరుదు. ఆ అరుదైనవారిలో ప్రథమగణ్యుడు గ్రీకు దేశపు జెనోఫన్. ప్రాచీన గ్రీకు సైనికుని తిండి, బట్ట, ఆయుధసామగ్రి ఎట్టివో నేడు లోకమునకు తెలియుచున్నదన్న, అందు చాల భాగము ఆయన చలువయే.

జెనోఫన్ క్రీ. పూ. 430 ప్రాంతమున ఏథెన్సు రాజ్యమునకు చెందిన ఎర్కియా అను పల్లెపట్టున జన్మించెను. తండ్రి పేరు గ్రిల్లస్. కలిగిన కుటుంబము, గుఱ్ఱమును పోషింపగల స్తోమతు గలది. ఆయన పుట్టునాటికే ఏథెన్సునకు స్పార్టాకు మహాసంగ్రామము ఆరంభమైయుండెను. క్రీ. పూ. 431లో మొదలై 404లో ఏథెన్సు ఓటమితో ముగిసిన ఆ యుద్ధపు నీడలోనే ఆయన బాల్యయౌవనములు గడచినవి. యౌవనమున ఆయన సోక్రటీసు మహాశయుని శిష్యకోటిలో చేరెను.

ఆ కాలపు గ్రీకు నగరములలో యోధునికి ఆయుధము లిచ్చుట సాధారణముగా ప్రభుత్వపు పని కాదు. పౌరుడే తన సొమ్ముతో తన డాలును, ఈటెను కొనుక్కొనవలెను; కొనగలిగిన శక్తినిబట్టియే వాడు ఏ దళమున నిలువదగునో తేలెడిది. గుఱ్ఱమున్నవాడు ఆశ్వికుడు. పూర్తి కవచసామగ్రి యున్నవాడు పెద్దడాలు పట్టిన పదాతి. వానినే హాప్లైట్ అనిరి. ఏమియు లేనివాడు ఓడపై తెడ్డు పట్టుటయో, వడిసెల త్రిప్పుటయో చేసెడివాడు. హాప్లైటు డాలు గుండ్రనిది. కఱ్ఱతో చేసి, పైన కంచుఱేకు తొడిగినది. అడ్డము సుమారు మూడడుగులు, బరువు 6 నుండి 8 కిలోలు. దాని నడుమనున్న పట్టెలో ముంజేతిని మోచేతివఱకు దూర్చి, అంచుననున్న త్రాటిని పిడికిట పట్టుదురు. ఈటె ఏడెనిమిదడుగుల పొడవు. ముందర ఇనుపమొన, వెనుక నేలలో గ్రుచ్చి నిలుపుటకు కంచుపొన్ను. తలకు కంచు శిరస్త్రాణము, పిక్కలకు కంచు తొడుగులు, ఱొమ్మునకు కంచుతోనో, నారబట్టను పొరలు పొరలుగా అతికియో చేసిన కవచము. ఇంత బరువును ఎండలో నాళ్లతరబడి మోయుట ఎవనికిని సాధ్యము కాదు. కావున ప్రయాణమున డాలును, తిండిమూటను మోయుటకు వెంట నొక బానిస నడచెడివాడు. ఆ బానిసల పేర్లు ఏ గ్రంథమునను లేవు.

మూటలో నుండునది సామాన్యముగా మూడు దినముల గ్రాసము. వేయించి విసరిన యవలపిండి, ఉల్లిపాయలు, వెల్లుల్లి, జున్ను, ఉప్పు, ఆలివు కాయలు, కొంచెము ద్రాక్షాసవము. ఆ పిండిని నీటితోనో, ద్రాక్షరసముతోనో, నూనెతోనో ముద్దచేసికొని తినెడివారు. నిప్పు రాజేయనక్కఱలేని ఆ ముద్ద మన పేలపిండికి దూరపుచుట్టము. గోదుమలైనచో రోజునకు మనిషికొక ఖోయినిక్సు, అనగా సుమారొక లీటరు కొలత, చాలునని లెక్క. మూడు దినములు దాటినపిమ్మట ఏమి? సేన వెంట వచ్చు వర్తకుల సంతలో కొనవలెను, లేదా దారిలోని పల్లెలవారు అమ్మవలెను, అమ్మనిచో దోచుకొనవలెను. నేటి సేనలకున్నట్టి సరఫరా శాఖ ఆ సేనలకు లేదు. ఈ ఒక్క విషయము మఱచినచో జెనోఫన్ జీవితము అర్థము కాదు.

క్రీ. పూ. 401లో ప్రాక్సెనస్ అను మిత్రుడు ఆయనను ఆసియాకు రమ్మని పిలిచెను. పారసీక చక్రవర్తి తమ్ముడు సైరస్ కిరాయి గ్రీకు సేనను కూర్చుచుండెను. జెనోఫన్ గురువును సలహా అడుగగా, డెల్ఫీ క్షేత్రమున దేవుని అడిగి రమ్మని సోక్రటీసు చెప్పెను. శిష్యుడు వెళ్లి, పోదునా మానుదునా అని అడుగక, ప్రయాణము శుభముగా జరుగుటకు ఏ దేవతలకు బలు లీయవలెనని మాత్రమే అడిగివచ్చెను. గురువు మందలించి, అడిగినది అడిగితివి గనుక దేవుడు చెప్పినట్లు చేసి పొమ్మనెను. ఆ గురుశిష్యులు మఱల కలసికొనలేదు. క్రీ. పూ. 399లో సోక్రటీసు విషపాత్ర నందుకొను నాటికి జెనోఫన్ ఏథెన్సున లేడు.

సార్డిస్‌నుండి బయలుదేరిన సైరస్, తాను అన్నగారి సింహాసనము కొఱకే పోవుచున్నానని గ్రీకులకు మొదట చెప్పలేదు. నడుమ టిరియాయమ్ అను పట్టణమున సిలీషియా రాణి కోరికపై సేనాప్రదర్శన జరిపించెను. గ్రీకులందఱును కంచు శిరస్త్రాణములు, ఎఱ్ఱని అంగీలు, పిక్కతొడుగులు ధరించి, డాళ్లకు గుడ్డతొడుగులు తీసి నిలిచిరి. కంచు ఎండలో మెఱయుచుండ, బాకా ఊదగానే ఈటెలు వంచి, కేకలు పెట్టుచు గుడారములవైపు పరుగెత్తిరి. రాణి బండి దిగి పాఱిపోయెను. సంతలోని వర్తకులు సరకులు విడిచి పరుగిడిరి. గ్రీకులు నవ్వుకొనుచు తమ గుడారములకు చేరిరి. ఆ నవ్వు ఎంతోకాలము నిలువలేదు.

టార్సస్ నగరమున సైనికులు మొరాయింపగా, నెలకొక డారిక్కు బంగారునాణెముగా నున్న జీతమును సైరస్ ఒకటిన్నరకు పెంచెను. అది గ్రీకు లెక్కలో దినమునకొక డ్రాక్మా, అనగా ఆఱు ఓబోలులు. యూఫ్రటీసు వెంబడి ఎడారిలో ధాన్యము అయిపోయెను. లిడియా వర్తకుల అంగడిలో రెండు ఖోయినిక్సుల పిండి నాలుగు సిగ్లోసులు పలికెను. సిగ్లోసు విలువ ఏడున్నర ఓబోలులని జెనోఫనే తెలిపియున్నాడు. లెక్క కట్టినచో, ఇద్దఱికి ఒకనాటి తిండికి ఒకని అయిదు దినముల జీతము! పెంచిన జీతము పిండి కొట్టున చేరినది. గ్రీకులు ధాన్యము మాని మాంసముతోనే కాలము గడపిరి. అచట అడవిగాడిదలు, నిప్పుకోళ్లు, బట్టమేకపిట్టలు తిరుగుచుండెను. నిప్పుకోడి ఎవనికిని దొరకలేదు, బట్టమేకపిట్టలు దొరికినవి. వాని మాంసము కడు రుచికరమని జెనోఫన్ వ్రాసినాడు. ఛార్మాండె అను ఊరు నది కావలి యొడ్డున నుండగా, గుడారపు తోళ్లలో ఎండుగడ్డి కూరి, నీరు చొరకుండ కుట్టి, వానిపై నదిని దాటి, ఖర్జూరపు కల్లును, చిఱుధాన్యపు రొట్టెలను కొనితెచ్చుకొనిరి.

కునాక్సా యుద్ధము ఆ యేటి శరత్కాలారంభమున జరిగెను. అప్పటికి గ్రీకులు పెద్దడాళ్లవారు 10,400 మంది, తేలికడాళ్లవారు 2,500 మంది. తమ పక్షమున గ్రీకులు గెలిచిరి గాని, సైరస్ చంపబడెను. ఆ సంగతి తెలియక రాత్రి గుడారములకు తిరిగివచ్చి చూడ, శత్రువులు పాళెమును దోచుకొనిపోయియుండిరి. కఱవువచ్చినచో గ్రీకులకు పంచుటకై సైరస్ దాచియుంచిన పిండిబండ్లు, ద్రాక్షాసవపు బండ్లు నాలుగు వందలు పోయినవి. పగటి భోజనమునకు ముందే యుద్ధము మొదలైనందున, ఆ రాత్రి చాలమంది పస్తు పండుకొనిరి. మఱునాడు బండ్లెద్దులను, గాడిదలను కోసి, యుద్ధభూమిలో పడియున్న బాణములను, పారసీకుల అల్లికడాళ్లను, ఈజిప్టువారి కొయ్యడాళ్లను వంటచెఱకుగా వాడుకొనిరి. బాబిలోనియా పల్లెలలో ఖర్జూరములు దొరికెను. అచట నౌకరులకు పెట్టు కాయలే గ్రీసులో దొరకువానికి సమానమట. ఈతచెట్టు మొవ్వవంటి ఖర్జూరపు మొవ్వను తిని రుచికి మెచ్చిరిగాని, దానివలన తలనొప్పి పట్టుకొనెను.

పిమ్మట జరిగినది ద్రోహము. పారసీక ప్రతినిధి టిస్సఫర్నీస్ విందు మాటలాడి అయిదుగురు గ్రీకు సేనాపతులను తన గుడారమునకు పిలిపించుకొని పట్టి బంధించెను. వారు తరువాత వధింపబడిరి. జెనోఫనుని మిత్రుడు ప్రాక్సెనస్ వారిలో నొకడు. ఆ రాత్రి పాళెమున నిప్పు రాజేసినవారు కొందఱే, తిన్నవారు కొందఱే; పెక్కురు ఉన్నచోటనే ఒరిగిరి. స్వదేశము వేయి మైళ్లకు పైబడి దూరము. దారి చూపువాడు లేడు. అమ్మజూపు సంత లేదు. జెనోఫనునకు కొంచెము కునుకుపట్టి, తండ్రియింటిపై పిడుగుపడినట్లు కలవచ్చెను. మేల్కాంచి, మఱియొకని కొఱకు ఎదురుచూచుచు కూర్చుండుట తగదని తలచి, ప్రాక్సెనస్ దళనాయకులను లేపెను. అప్పటివఱకు ఆయన సేనాపతి కాడు, దళనాయకుడు కాడు, సైనికుడును కాడు. మిత్రుని వెంట వచ్చినవాడు మాత్రమే. తెల్లవారుసరికి సేన ఆయనను ప్రాక్సెనస్ స్థానమున ఎన్నుకొనెను. ఉన్నవానిలో మిక్కిలి సొగసైన కవచమును ధరించి ఆయన సభ ముందు నిలిచెను. గెలిచినను, చచ్చినను అలంకారము తగియుండవలెనని ఆయన తలంపు.

ఆ సభలో ఆయన చేసిన మొదటి సూచన సామానును గుఱించినది. బండ్లను, గుడారములను కాల్చివేయవలెను. యుద్ధమునకు, తిండికి, త్రాగుటకు కావలసినవి తప్ప తక్కినవన్నియు విడువవలెను. సైనికులు ఒకరికి లేనిది మఱియొకరికిచ్చి, మిగిలినవానిని మంటలో వేసిరి. రెండవ సూచన వెనువెంటనే అవసరమయ్యెను. పారసీక విలుకాండ్రు, వడిసెలవారు దూరమునుండి కొట్టి గాయపఱచుచుండ, గ్రీకులు వారినందుకొనలేకపోయిరి. సేనలో రోడ్సు ద్వీపవాసులున్నారనియు, వారి సీసపు గుండ్లు పారసీకులు విసరు పిడికెడేసి ఱాళ్లకు రెండింతల దూరము పోవుననియు జెనోఫన్ గుర్తించెను. రాత్రికి రాత్రి రెండు వందల వడిసెలవారు, సామానుమోయు గుఱ్ఱములపై ఏబదిమంది ఆశ్వికులు తోలుకవచములతో సిద్ధమైరి.

ఒక కొండ నెక్కు సందర్భమున జరిగిన చిన్న సంగతి చెప్పదగినది. శిఖరమును శత్రువులకంటె ముందు చేరవలెనని జెనోఫన్ గుఱ్ఱముపై పోవుచు సైనికులను తొందరపెట్టుచుండెను. సోటెరిడాస్ అను సైనికుడు, ఆయన గుఱ్ఱమెక్కి పోవుచుండగా తాను డాలు మోయలేక చచ్చుచున్నానని ఎత్తిపొడిచెను. జెనోఫన్ గుఱ్ఱము దిగి, వానిని వరుసనుండి త్రోసి, వాని డాలును లాగికొని నడువసాగెను. ఆయన ఒంటిమీద ఆశ్వికుని బరువైన కవచమును ఉండెను, ఊపిరాడలేదు, అయినను ముందువారిని పొమ్మనుచు, వెనుకవారిని రమ్మనుచు ఎక్కెను. తక్కిన సైనికులు సోటెరిడాస్‌ను కొట్టి, తిట్టి, డాలు తిరిగి తీసికొనునట్లు చేసిరి.

కార్డూకుల కొండలలో ఏడు దినములు నడచిరి, ఏడును యుద్ధమే. ఆ కొండవాండ్ర విండ్లు మూడు మూరలు. బాణములు రెండు మూరలకు పైన. అవి డాళ్లను, కవచములను తూలగొట్టుకొని పోయెడివి. గ్రీకులు ఆ బాణములనే ఏఱి, త్రాళ్లు కట్టి, విసరుటీటెలుగా వాడుకొనిరి. ఆ కొండలలో ప్రవేశించునపుడు అనవసరపు పశువులను, బందీలను విడువవలెనని ఆజ్ఞ. సేనాపతులు ఇఱుకుదారిలో నిలిచి తనిఖీ చేసిరి. అయినను, మనసుపడిన బాలునో, యువతినో దొంగతనముగా దాటించినవారు లేకపోలేదట. ఎంతటి తనిఖీకైనను ఇట్టి మినహాయింపులు తప్పవు కాబోలు.

ఆర్మీనియా పీఠభూమిలో శత్రువు చలి. ఒక రాత్రి కురిసిన మంచు నిద్రించుచున్న మనుష్యులను, ఆయుధములను కప్పివేసెను. మంచు క్రింద వెచ్చగానుండుటచే ఎవడును లేవడు. జెనోఫన్ పైవస్త్రము లేకయే లేచి కట్టెలు కొట్టనారంభించెను. అది చూచి ఒకడు లేచి గొడ్డలి అందుకొనెను. పిమ్మట అందఱును లేచిరి. ఆలివునూనెకు బదులు పందిక్రొవ్వు, నువ్వులనూనె, చేదుబాదము నూనె ఒంటికి పూసికొనిరి. తరువాత ఆఱడుగుల మంచులో నడక. ఆకలిచే మనుష్యులు తూలిపడుచుండిరి. అదేమి జబ్బో జెనోఫనునకు తెలియలేదు. ఎఱిగినవాడొకడు అది కేవలము ఆకలి యనియు, ఏదైన తిన్న లేతురనియు చెప్పగా, సామాను పశువుల వద్ద దొరికిన తినుబండారములను పంచిపెట్టించెను. తిన్నవారు లేచి నడచిరి.

కన్నులకు మంచుమెఱపు తగులకుండ నల్లనిదేదైనను ఎదుట పట్టుకొని నడువవలెను. కాళ్లు ఆగకుండ కదలింపవలెను. రాత్రి చెప్పులు విప్పవలెను. తెచ్చుకొన్న చెప్పులు ఎప్పుడో అరిగిపోయినందున, అప్పుడే ఒలిచిన ఎద్దుతోలుతో చెప్పులు కుట్టుకొనియుండిరి. విప్పక నిద్రించినవారికి ఆ పచ్చితోలు గడ్డకట్టి, వారులు మాంసములోనికి దిగిపోయెను. వ్రేళ్లు కుళ్లి ఊడినవారు, కన్నులు పోయినవారు వెనుకబడిరి. వెనుకదళమును నడుపు జెనోఫన్ వారిని లేవుడని బ్రతిమాలెను, కోపగించెను; వారు తమ్ము చంపివేయుమనిరి. ఆయన వారిని చంపనులేదు, మోయింపను సాధ్యపడలేదు. వెంటబడు శత్రువులపైకి ఉన్నవారితో దుమికి, వారిని తఱిమి, మఱునాడు మనుష్యులను పంపుదునని చెప్పి సాగెను. ఆ రాత్రి వెనుకదళమునకు తిండి లేదు, నిప్పు లేదు. తెల్లవారకముందే, మాట యిచ్చినట్లు, వెనుకబడినవారిని లేపి తెచ్చుటకు యువకులను పంపెను.

పిమ్మట ఆర్మీనియా పల్లెలు వచ్చినవి. భూమిలో త్రవ్విన ఇండ్లు. మనుష్యులు నిచ్చెనలతో, పశువులు వాలుదారులతో దిగును. లోపల మేకలు, గొఱ్ఱెలు, కోళ్లు, గోదుమలు, యవలు, కూరధాన్యములు, పెద్దకుండలలో యవసుర. దానిపై యవలగింజలు తేలుచుండును. రెల్లుగొట్టముతో పీల్చి త్రాగవలెను. నీరు కలుపనిచో చాల ఘాటు. మేకపిల్ల, పంది, దూడ, కోడి మాంసములన్నియు ఒకే బల్లపై నుంచి పెట్టిరట. మంచులో గుఱ్ఱముల కాళ్లు పొట్టవఱకు దిగబడకుండ, డెక్కలకు సంచులు కట్టవలెనని ఆ గ్రామాధికారి నేర్పెను.

థేకీస్ కొండపై ముందువారు కేకలు పెట్టగా, శత్రువులు పైబడిరేమోయని జెనోఫన్ గుఱ్ఱముపై పరుగెత్తెను. కనబడినది నల్లసముద్రము. కౌగిలించుకొని ఏడ్చినవారు ఱాళ్లకుప్ప పోసి, దానిపై పచ్చితోళ్లను, చేతికఱ్ఱలను, శత్రువులనుండి గైకొన్న అల్లికడాళ్లను అర్పించిరి. తీరదేశమున తేనె తిని మతిచెడి పడిపోయినవారు వందలు. మూడునాలుగు దినములకు తేరుకొనిరి. రోడోడెండ్రాన్ జాతి పూవుల తేనెకు అట్టి గుణము కలదని నేటి శాస్త్రజ్ఞులు ధ్రువపఱచిరి. కెరాసస్ నగరమున లెక్క చూడగా మిగిలినవారు 8,600.

ప్రాణభయము తీరినపిమ్మట కొలువు విచారణ మొదలయ్యెను. కొటియోరాలో సైన్యసభ సేనాపతులను సంజాయిషీ అడిగెను. జెనోఫన్ తమ్ము కొట్టెనని కొందఱు ఫిర్యాదు చేసిరి. ఎచట కొట్టెననగా, మంచు మిక్కిలి లోతుగానున్నచోట, చలికి చచ్చుచున్నచోట ననిరి. అందొకడు కంచరగాడిదను తోలినవాడు. జెనోఫన్ వానిని పోల్చెను. నడువలేని రోగి నొకనిని ఆ గాడిదపై మోయుమని వానికి అప్పగించి, వాని సామానును ఇతరులకు పంచియిచ్చియుండెను. తరువాత చూడ, వాడు గొయ్యి త్రవ్వి ఆ రోగిని పూడ్చుచుండెను. శవసంస్కారము చేయుచున్నాడని జెనోఫన్ మొదట మెచ్చుకొనెను. అంతలో రోగి కాలు ముడిచెను. బ్రతికియున్నాడని అందఱు కేకవేయగా, ఎంతకాలము బ్రతికిన బ్రతుకనిండు, తాను మోయనని వాడు చెప్పెను. అప్పుడు కొట్టితినని జెనోఫన్ ఒప్పుకొనెను. ఆ రోగి తరువాత చచ్చెను గదాయని వాడు వాదించెను. అందఱము చత్తుము, అందువలన బ్రతికియుండగా పూడ్చవలెనాయని జెనోఫన్ అడిగెను. కొట్టిన దెబ్బలు చాలవని సభ కేకలు వేసెను. మంచులో కూర్చుండిపోయిన మఱికొందఱినికూడ కొట్టితినని ఆయన దాపఱికము లేక చెప్పెను. తాను కూడ ఒకమాఱు సామాను కట్టువారికై కూర్చుండి, తిరిగి లేచుటకు ఎంతో కష్టపడిననాటినుండియే, కూర్చుండినవాడు చచ్చునని తెలిసినదట. పిమ్మట ఆయనను నిందించినవారు లేరు.

మఱుసటి శీతకాలము థ్రేసు రాజు స్యూథీస్ కొలువులో గడచెను. కుండలలోని ద్రాక్షాసవము గడ్డకట్టెను. గ్రీకులలో పెక్కుర ముక్కులు, చెవులు కొఱుకుబడెను. థ్రేసువారు చెవులు మూయునట్లు నక్కతోలు టోపీలును, గుఱ్ఱముపై పాదములవఱకు వ్రేలాడు అంగరకాలును ఎందుకు ధరింతురో అప్పుడు తెలిసెనని జెనోఫన్ వ్రాసెను. రాజు జీతము సరిగా ఈయలేదు. క్రీ. పూ. 399లో సేనను స్పార్టావారికి అప్పగించునాటికి, జెనోఫన్ దారిఖర్చులకై తనకు ప్రియమైన గుఱ్ఱమును ఏబది డారిక్కులకు అమ్ముకొనియుండెను. మిత్రులు దానిని విడిపించి, తెచ్చి యిచ్చి, వెల పుచ్చుకొనలేదు.

పిమ్మటి కథ చాలవఱకు ప్రవాసము. స్పార్టా రాజు అజెసిలేయస్ పక్షమున నుండి, క్రీ. పూ. 394లో కొరోనియా యుద్ధమున స్వనగరమునకు ఎదురుపక్షమున నిలిచెను. ఏథెన్సు ఆయనను బహిష్కరించెను. ఈ విషయమున ఆయనను సమర్థించుట కష్టము. ఆయనయు పెద్దగా సమర్థించుకొనలేదు. స్పార్టావారు ఒలింపియా సమీపమున స్కిల్లస్‌లో ఒక భూవసతి నిచ్చిరి. అచట భార్య ఫిలీసియాతో, గ్రిల్లస్, డయొడోరస్ అను కుమారులతో కాపురముండి, అర్టెమిస్ దేవతకు చిన్న ఆలయము కట్టించి, ఏటేట ఉత్సవమునకు వచ్చినవారందఱికి పిండి, రొట్టెలు, ద్రాక్షాసవము, మాంసము, ఎండుపండ్లు పంచెడివాడు.

ఆయన గ్రంథములలో కొన్ని ఈ తీరికలోనివే. పదివేలవారి యాత్రాగ్రంథమైన అనబాసిస్ సరే. సైరస్ చక్రవర్తిపై వ్రాసిన సైరొపీడియా కల్పితకథాప్రాయమైనను, అందులోని ప్రయాణసామగ్రి పట్టిక కల్పితము కాదు, కాళ్లరిగిన అనుభవము. ఇరువది దినముల తిండి. చేతితో విసరు తిరుగళ్లు. ఆకలి పుట్టించు ఉప్పని, కారపు వ్యంజనములు. ద్రాక్షాసవమునకు అలవాటుపడిన కడుపు చెడకుండ క్రమముగా నీరు ఎక్కువ చేయుట. పఱుపులు తగ్గించి తిండి పెంచుట. తోలువారులు తప్పక ఉండుట, ఏలయన ఏది తెగినను వారులేనిచో పని నిలిచిపోవును. ఈటె పదునుపెట్టుటకు ఆకురాయి. బండికొక పార, గునపము. పశువునకొక గొడ్డలి, కొడవలి. ఆ గ్రంథముననే హిందూదేశపు రాజొకడు రాయబారులను, ధనమును పంపినట్లు కలదు. అశ్వవిద్యపై వ్రాసిన గ్రంథమున, కవచము దేహమునకు కొలతగా కుట్టబడవలెననియు, చాలనిచో సంకెల, వదులైనచో బరువు అనియు హెచ్చరించెను; పొడవైన ఈటె కంటె రెండు పొట్టి ఈటెలు మేలనెను. ఆశ్వికుల దర్జీపనిపై ఇంత శ్రద్ధ చూపిన తత్త్వవేత్త శిష్యుడు వేఱొకడు లేడు.

క్రీ. పూ. 371లో లూక్ట్రా యుద్ధమున స్పార్టా ఓడిపోగా స్కిల్లస్ చేజాఱెను. కుటుంబము కొరింతునకు చేరెను. ఏథెన్సు స్పార్టాలు మిత్రులైనందున, కుమారులు ఏథెన్సు అశ్వదళమున చేరిరి. క్రీ. పూ. 362లో మాంటినియా వద్ద గ్రిల్లస్ మరణించెను. వార్త వచ్చునప్పటికి తండ్రి తలపై దండ ధరించి బలి సమర్పించుచుండెననియు, దండ తీసివేసెననియు, కుమారుడు వీరముగా పోరాడి పడెనని విని మఱల ధరించెననియు ప్రాచీనులు చెప్పుదురు. ఆ యుద్ధముతోనే ఆయన తన హెల్లెనికా అను గ్రీకు చరిత్రను ముగించెను. అందు కుమారుని పేరు వ్రాయలేదు.

క్రీ. పూ. 355 ప్రాంతమున, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, తన్ను వెడలగొట్టిన ఏథెన్సు నగరపు ఆదాయమును పెంచు మార్గములపై ఒక చిన్న పుస్తకము వ్రాసెను. వెండిగనులు, రేవులు, విదేశీ వర్తకులకు సౌకర్యములు, అన్నియు లెక్కలే. గనులలో బానిసల చాకిరీపై ఆ లెక్క నిలిచినదన్నది నేటివారికి రుచింపదు. ప్రతి పౌరునికి దినమునకు మూడు ఓబోలులు గ్రాసముగా ముట్టునట్లు ఆయన పద్దు తేల్చెను.